అనూబియస్, జావా ఫెర్న్ మొక్కలున్న చేపల ట్యాంకుకు ఎంత లైటు పెట్టాలి?

మీరు రాసినదాన్ని ముందు కుదించి చెప్తాను, చదివే మిగతావాళ్ళకు కూడా అర్థమవుతుంది. మియాపూర్‌లో ఫ్లాటు. హాల్లో దక్షిణం వైపు బాల్కనీ తలుపు పక్కన రెండడుగుల ట్యాంకు, ఎత్తు, వెడల్పు ఒక్కో అడుగు. డ్రిఫ్ట్‌వుడ్‌కు (ట్యాంకులో పెట్టే ఎండు కొమ్మకు) కట్టిన అనూబియస్ నానా, జావా ఫెర్న్, కొన్ని బుసెఫాలాండ్రాలు, ముందు వరుసలో క్రిప్టోకొరైన్ వెండ్టీ. మొక్కల కోసం నీటిలోకి కార్బన్ డయాక్సైడ్ వదిలే సిలిండర్ లేదు. 30 వాట్ల ఆర్‌జీబీ (ఎరుపు, ఆకుపచ్చ, నీలం ఎల్‌ఈడీలున్న) లైటు రోజుకు 10 గంటలు వెలుగుతోంది. అనూబియస్ ఆకుల మీద గట్టి పచ్చ చుక్కలు, ఆకుల అంచులకు నల్లటి వెంట్రుకల్లాంటి పాచి. షాపులో అడిగితే "మొక్కలు పెరగట్లేదంటే లైటు చాలట్లేదు, ఇంకొకటి పెట్టండి" అన్నారు. బోరు నీళ్ళ వల్లేమో అని మీకు ఇంకో అనుమానం.

ఇంకో లైటు కొనకండి. ఉన్న లైటునే సగానికి తగ్గించి, 6 గంటలు మాత్రమే వెలిగించండి. మీ మొక్కలకు వచ్చిన కష్టం వెలుతురు ఎక్కువై వచ్చిందే.

ఈ మొక్కల సొంత ఊళ్ళు చూస్తే విషయం సగం తెలిసిపోతుంది. అనూబియస్ పశ్చిమ, మధ్య ఆఫ్రికా అడవుల్లో వాగుల ఒడ్డున, చెట్ల నీడలో పెరుగుతుంది. జావా ఫెర్న్ ఆసియా వర్షారణ్యాల్లో వాగు పక్క రాళ్ళనూ, చెట్టు మొదళ్ళనూ పట్టుకుని ఉంటుంది. బుసెఫాలాండ్రా బోర్నియో దీవిలో తప్ప ఇంకెక్కడా సహజంగా దొరకదు, అక్కడ కూడా వడిగా పారే వాగుల్లో బండలకు అంటుకుని బతుకుతుంది. క్రిప్టో వెండ్టీది శ్రీలంక. ఈ జాతులు పెరిగే చోట్ల ఎక్కువ వాటిలో పైన దట్టమైన ఆకుల గొడుగు ఉంటుంది, కిందికి దిగేది వడకట్టిన వెలుతురే. ఆ కొద్దిపాటి వెలుతురుతో బతకడానికి ఇవి ఎంచుకున్న దారి ఏమిటంటే, ఆకును మందంగా, గట్టిగా కట్టుకుని దాన్ని ఎక్కువ కాలం వాడుకోవడం. అనూబియస్ ఆకు ఒకటి ఏడాదికి పైగా పనిచేస్తుంది. కొత్త ఆకు నెలకొకటి వచ్చిందంటే ఆ మొక్క హాయిగా ఉన్నట్టే.

అసలు చిక్కంతా ఇక్కడే ఉంది. తోటకూర ఆకు పుట్టి, పెరిగి, కోతకు వచ్చేలోపు దాని మీద దుమ్ము పేరుకునే టైమే ఉండదు. రోడ్డు పక్క మామిడి చెట్టు ఆకు మాత్రం నెలల తరబడి అక్కడే ఉండి వాహనాల దుమ్మంతా మోస్తుంది. హైగ్రోఫిలా, రోటాలా లాంటి త్వరగా పెరిగే కాడమొక్కల మీద పాచి పడితే పై భాగం కోసి మళ్ళీ నాటుకుంటాం, పాత ఆకులు పోతాయి. అనూబియస్‌లో ఆ వీలు లేదు. ఈ రోజు పాచి పట్టిన ఆకే వచ్చే సంక్రాంతికి కూడా మీ కళ్ళ ముందుంటుంది. అందుకే ఇలాంటి ట్యాంకులో లైటును కొత్త ఆకు త్వరగా రావాలని పెట్టకూడదు, పాత ఆకు శుభ్రంగా ఉండేలా పెట్టాలి. మిగతా లెక్కలన్నీ ఈ ఒక్క మాట మీదే నడుస్తాయి.

"లైటు పెంచితే మొక్క కూడా త్వరగా పెరిగి పాచిని ఓడిస్తుంది కదా?" అని చాలామంది అడుగుతారు. సిలిండర్ పెట్టిన ట్యాంకులో, వేగంగా పెరిగే మొక్కల విషయంలో అది చాలావరకు నిజం. మీ ట్యాంకులో కాదు. గాలితో సమతూకంలో ఉన్న నీటిలో లీటరుకు అర మిల్లీగ్రాము చిల్లర కార్బన్ డయాక్సైడ్ మాత్రమే కరిగి ఉంటుంది. చేపల శ్వాస, అడుగున కుళ్ళే చెత్త వల్ల ఇంకాస్త కలుస్తుంది. సిలిండర్ పెట్టేవాళ్ళు లీటరుకు 20 నుంచి 30 మిల్లీగ్రాముల దాకా ఉంచుతారు. తేడా ఎంతో చూడండి. మొక్క తిండి వండుకోవడానికి వెలుతురొక్కటే సరిపోదు, కార్బన్ కావాలి, నైట్రోజన్, భాస్వరం, పొటాషియం కావాలి. కార్బన్ దగ్గరే ఆగిపోయిన అనూబియస్‌కు రెట్టింపు వెలుతురు ఇచ్చినా ఆకు రెట్టింపు వేగంతో రాదు. ఆ మిగిలిన వెలుతురును వాడుకునేది పాచే. దానికి కావలసింది చాలా తక్కువ, కూర్చోవడానికి కదలని ఆకు ఒకటి దొరికితే చాలు.

ఇక ఎంత అన్నది. మొక్క వాడుకోగల వెలుతురును కొలిచే లెక్కను పార్ అంటారు. 400 నుంచి 700 నానోమీటర్ల మధ్య ఉన్న కాంతి కణాలు సెకనుకు చదరపు మీటరు మీద ఎన్ని పడుతున్నాయో చెప్పే లెక్క అది, మైక్రోమోల్స్‌లో చెప్తారు. అనూబియస్, జావా ఫెర్న్, జావా మాస్, క్రిప్టోలకు ఆకు దగ్గర 15 నుంచి 30 ఉంటే హాయిగా సరిపోతుంది. సిలిండర్ లేని ట్యాంకులో 40 దాటి గంటల తరబడి వెలిగిస్తే పాచిని పిలిచినట్టే. బుసెఫాలాండ్రా ఇంకాస్త ఎక్కువ వెలుతురును తట్టుకుంటుంది, దాని ఆకుల మీది నీలి మెరుపు కూడా అప్పుడు బాగా కనిపిస్తుంది. కానీ అది బతకడానికి ఆ వెలుతురు అక్కర్లేదు.

పార్ మీటర్ ఖరీదైన వస్తువు, ఒక్క ట్యాంకు కోసం కొనడం నేనైతే దండగ అంటాను. తెల్ల ఎల్‌ఈడీకి సుమారుగా 70 లక్స్ (ఒక చోట పడే వెలుగు కొలత) ఒక పార్ కింద లెక్క వేసుకోవచ్చు. అంటే మీకు కావలసింది ఆకు దగ్గర 1000 నుంచి 2000 లక్స్. ఆండ్రాయిడ్ ఫోన్‌లో లక్స్ మీటర్ యాప్ వేసుకోండి. రాత్రి గదిలో మిగతా లైట్లన్నీ ఆర్పి, ట్యాంకు లైటును బయట పట్టుకుని, లైటుకూ అనూబియస్‌కూ మధ్య ఎంత దూరం ఉందో అంతే దూరంలో ఫోన్ పెట్టి చూడండి. సెన్సర్ ముందు కెమెరా పక్కన ఉంటుంది, అక్కడ వేలు అడ్డం రాకుండా చూసుకోండి. ట్యాంకులో పక్క గాజులు వెలుతురును లోపలికే తిప్పికొడతాయి కాబట్టి అసలు అంకె దీనికన్నా కాస్త ఎక్కువే ఉండొచ్చు. మన పనికి ఈ ఉజ్జాయింపు చాలు.

మీది ఆర్‌జీబీ లైటు కాబట్టి ఒక జాగ్రత్త. లక్స్ మనిషి కన్నుకు కనిపించే వెలుగు లెక్క, ఆకుపచ్చ కాంతికి అందులో పెద్దపీట. ఎరుపు, నీలం ఎల్‌ఈడీలు మొక్కకు బాగా పనికొస్తాయి కానీ లక్స్‌లో తక్కువగా కనిపిస్తాయి. యాప్ 2000 చూపిస్తే నిజానికి మొక్కకు అందేది 30 పార్ కన్నా ఎక్కువే అనుకోండి. రిమోట్‌లో ఎరుపు, నీలం తగ్గించి తెలుపు ఒక్కటే ఉంచి కొలిస్తే లెక్క దగ్గరగా వస్తుంది.

కొలవడం కూడా ఇష్టం లేకపోతే ల్యూమెన్ల (లైటు మొత్తం ఇచ్చే వెలుగు) లెక్క ఉంది. మీ ట్యాంకు నిండా పోస్తే 56 లీటర్లు. ఇలాంటి మొక్కలకు లీటరుకు 10 నుంచి 20 ల్యూమెన్లు వేసుకుంటే 560 నుంచి 1100 ల్యూమెన్లు. ఇంటికి వాడే రెండడుగుల 10 వాట్ల ఎల్‌ఈడీ బ్యాటన్ సుమారు 1000 ల్యూమెన్లు ఇస్తుంది. అంటే ట్రూప్ బజార్‌లో ఏ ఎలక్ట్రికల్ షాపులోనైనా దొరికే మామూలు బ్యాటన్ మీ మొక్కలకు నిండుగా సరిపోతుంది. పెట్టె మీద 6500 కెల్విన్ (వెలుతురు రంగు కొలత) అని ఉన్నది తీసుకుంటే నీళ్ళు, ఆకులు కంటికి సహజంగా కనిపిస్తాయి. మొక్కకు మాత్రం 4000 అయినా 6500 అయినా పెద్ద తేడా లేదు. పాత పుస్తకాల్లో ఉండే 'గ్యాలన్‌కు ఇన్ని వాట్లు' అన్న సూత్రాన్ని మర్చిపోండి, అది ఫ్లోరోసెంట్ ట్యూబుల కాలం నాటిది. ఎల్‌ఈడీ అదే వెలుతురును దాదాపు సగం వాట్లతో ఇస్తుంది.

కొత్తది కొనాల్సిన పనీ లేదు. మీ లైటుకు డిమ్మర్ ఉంటే 40 శాతం దగ్గర మొదలుపెట్టి ఫోన్‌తో కొలుచుకోండి. డిమ్మర్ లేకపోతే లైటును నీటి మట్టం నుంచి ఒక అడుగు పైకి లేపండి, చెక్క స్టాండు చేయించినా, పైనుంచి వేలాడదీసినా పర్వాలేదు. ఇవేవీ కుదరకపోతే నీటి మీద తేలే మొక్కలు వేయండి. నాకు బాగా నచ్చిన పద్ధతి ఇదే. సాల్వీనియా గానీ అంతరతామర గానీ నీటి పైభాగంలో మూడో వంతు పరుచుకుంటే కింద చక్కటి నీడ పడుతుంది. పైగా ఇవి వేగంగా పెరుగుతాయి, గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను నేరుగా తీసుకుంటాయి. నీటిలో చేపల వ్యర్థాల వల్ల పోగయ్యే నైట్రేట్‌నూ భాస్వరాన్నీ పీల్చుకుని పాచికి తిండి లేకుండా చేస్తాయి. మీ ట్యాంకులో వేగంగా పెరిగే మొక్క ఒక్కటీ లేదు, ఆ లోటు తేలే మొక్కలు తీరుస్తాయి. వారం వారం ఎక్కువైనవి తీసేయాలి, లేదంటే నీటిని మొత్తం కప్పేస్తాయి. తీసినవాటిని ఎండబెట్టి కుండీల్లో ఎరువుగా వేయండి. దయచేసి చెరువులోనో నాలాలోనో పడేయకండి. గుర్రపుడెక్కతో మన చెరువులు ఇప్పటికే ఎంత ఊపిరాడక ఉన్నాయో రోజూ చూస్తున్నాం, ఇంకో తేలే మొక్కను మన చేత్తో వాటిలోకి వదలడం ఘోరం.

ట్యాంకు లోపలి నీడను కూడా వాడుకోండి. అనూబియస్‌ను లైటుకు నేరుగా కింద, డ్రిఫ్ట్‌వుడ్ కొమ్మ చివర కట్టడం ఎక్కడ చూసినా కనిపిస్తుంది. చూడటానికి బాగుంటుంది, కానీ ట్యాంకులో అన్నిటికన్నా ఎక్కువ వెలుతురు పడే చోటు అదే. దాన్ని కొమ్మ కిందికి, లేదా రాయి వెనకవైపుకు మార్చండి. ఆ పై కొమ్మకు బుసెఫాలాండ్రా కట్టండి. మార్చేటప్పుడు రైజోమ్, అంటే అడ్డంగా పాకే ఆ లావు కాండం, ఇసుకలో పూడకుండా చూడండి. పూడితే కుళ్ళిపోతుంది, ఆ తప్పును ఏ లైటూ సరిదిద్దలేదు.

ఇక గంటలు. 6 గంటలతో మొదలుపెట్టండి, ఎప్పటికైనా 8 దాటొద్దు. సాయంత్రం 4 నుంచి రాత్రి 10 దాకా పెట్టుకుంటే ఆఫీసు నుంచి వచ్చాక మీరు చూసుకోవచ్చు. మధ్యలో రెండు మూడు గంటలు ఆర్పి మళ్ళీ వెలిగించే పద్ధతిని కొందరు గట్టిగా సమర్థిస్తారు. తక్కువ వెలుతురున్న ట్యాంకులో దానివల్ల ప్రత్యేకంగా లాభం ఉంటుందని నేననుకోను. మీకు పొద్దున కాసేపు, సాయంత్రం కాసేపు చూడాలని ఉంటే అలా విడగొట్టుకోండి, మొత్తం గంటలు మాత్రం పెరగకూడదు. చేత్తో స్విచ్ వేసే అలవాటు మానేసి టైమర్ పెట్టండి. ముల్లు తిరిగే డయల్ టైమర్ కరెంటు పోయినప్పుడు ఆగిపోయి, వచ్చాక అక్కడి నుంచే నడుస్తుంది. గాలివానల కాలంలో నాలుగైదు సార్లు కరెంటు పోయిందంటే సాయంత్రం 4కు వెలగాల్సిన లైటు కాస్తా 7కు వెలుగుతుంది. లోపల బ్యాటరీ ఉన్న డిజిటల్ టైమర్‌తో ఆ ఇబ్బంది ఉండదు.

మీ దక్షిణపు బాల్కనీ గురించి వివరంగా చెప్పాలి, ఎందుకంటే దీన్ని చాలామంది పట్టించుకోరు. హైదరాబాద్ 17 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. మే మొదట్లోనూ, ఆగస్టు మొదట్లోనూ మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నెత్తి మీదికి వస్తాడు, ఆ రోజుల్లో నీడ కూడా పడదు. అప్పుడు మీ హాల్లోకి ఎండ రాదు, పై అంతస్తు బాల్కనీ స్లాబే అడ్డుకుంటుంది. డిసెంబరులో సూర్యుడు దక్షిణానికి వాలి, మధ్యాహ్నం కూడా 49 డిగ్రీల ఎత్తుకు మించి రాడు. ఆ వాలు ఎండ దక్షిణపు తలుపులోంచి నేరుగా గదిలోకి దూరుతుంది. నేరుగా పడే ఎండ లక్ష లక్స్ దాకా ఉంటుంది, మనం పైన 2000 గురించి మాట్లాడుకుంటున్నాం! అరగంట పడినా మీ టైమర్ లెక్కంతా తారుమారవుతుంది. "లైటు మార్చలేదు, నీళ్ళు మార్చలేదు, అయినా చలికాలంలో పాచి ఎందుకొచ్చింది?" అనే ప్రశ్నకు మన ఊళ్ళో చాలాసార్లు జవాబు ఇదే. ట్యాంకును లోపలి గోడకు మార్చగలిగితే మంచిది. లేదంటే బాల్కనీ వైపు గాజుకు నల్ల చార్టు అంటించి, మందపాటి కర్టెన్ వేయండి. మీ నల్ల వెంట్రుకల పాచి ఏ నెలలో మొదలైందో ఒకసారి గుర్తు చేసుకోండి.

ఎండాకాలం సమస్య వేరు. ఏప్రిల్, మే నెలల్లో ఏసీ లేని హాల్లో ట్యాంకు నీళ్ళు 31, 32 డిగ్రీలకు సులభంగా చేరతాయి. ఈ మొక్కలకు ఇష్టమైనది 22 నుంచి 28. నీళ్ళు వేడెక్కితే మొక్క శ్వాస పెరిగి, కూడబెట్టుకున్నది ఖర్చవుతుంది. కరిగి ఉండే ఆక్సిజన్, కార్బన్ డయాక్సైడ్ రెండూ తగ్గుతాయి. అప్పుడు లైటు పెంచడం అసలు వద్దు, మరీ తగ్గించడం కూడా వద్దు. అదే వెలుతురును రాత్రి 6 నుంచి 12కు జరపండి. ఒక చిన్న ఫ్యాను నీటి పైభాగానికి తగిలేలా పెట్టండి. మన ఎండాకాలం గాలి పొడిగా ఉంటుంది కాబట్టి నీరు బాగా ఆవిరై రెండు మూడు డిగ్రీలు దిగుతుంది, వానాకాలంలో ఇదే ఫ్యాను అంతగా పనిచేయదు. ఆవిరైన మేరకు నీళ్ళు పోస్తూ ఉండండి.

క్రిప్టోల గురించి ఒక హెచ్చరిక. లైటు ఉన్నట్టుండి మారిస్తే అవి ఆకులన్నీ కరిగించేసుకుంటాయి. చచ్చిపోయాయని పీకేయకండి, వేరు గట్టిగా ఉంటే కొన్ని వారాల్లో కొత్త ఆకులు వస్తాయి. ఈ టెన్షన్ వద్దనుకుంటే లైటును ఒకేసారి కాకుండా రెండు వారాల్లో మెల్లగా దించండి. గంటలు మాత్రం ఈ రోజే 6కు తగ్గించేయొచ్చు.

ఇప్పటికే పట్టిన పాచి లైటు తగ్గించినంత మాత్రాన రాలిపోదు. బాగా పాడైన ఆకులను రైజోమ్ దగ్గర కోసేయండి, ఒకేసారి మూడో వంతు కన్నా ఎక్కువ కోయొద్దు. పచ్చ చుక్కలు కొద్దిగా ఉన్న ఆకులను వేళ్ళ మధ్య పట్టుకుని మెత్తటి టూత్‌బ్రష్‌తో రుద్దితే కొంత పోతుంది. నెరైట్ నత్తలు రెండు మూడు వేస్తే మిగతాది అవి చూసుకుంటాయి. నల్ల వెంట్రుకలకు మెడికల్ షాపులో దొరికే హైడ్రోజన్ పెరాక్సైడ్ పనిచేస్తుంది. సీసా మీద 6 శాతం అని ఉంటే దానికి సమానంగా నీళ్ళు కలిపి 3 శాతం చేసుకోండి. అనూబియస్ ఉన్న కొమ్మను బయటికి తీసి, పాచి ఉన్న చోట మాత్రమే బ్రష్‌తో రాసి, రెండు నిమిషాలాగి శుభ్రంగా కడిగి మళ్ళీ నీటిలో పెట్టండి. జావా మాస్ ఉంటే దానికి తగలనీయొద్దు, అది తట్టుకోలేదు. ట్యాంకులో నేరుగా పోయడాన్ని నేను సమర్థించను, చేపల మొప్పలకు మంచిది కాదు.

ఆ తర్వాత నెల రోజులు ఏమీ మార్చకండి. నిదానంగా పెరిగే మొక్క జవాబు కూడా నిదానంగానే ఇస్తుంది. వారానికొకసారి సెట్టింగ్ మారిస్తే ఏది పనిచేసిందో ఎప్పటికీ తెలియదు. పాత ఆకు మీది మచ్చలను చూసి నిరాశపడొద్దు, మార్పు తర్వాత విచ్చుకున్న కొత్త ఆకును చూడండి. అది శుభ్రంగా, పాత ఆకంత పెద్దగా ఉంటే లైటు సరిగ్గా ఉన్నట్టు. అది కూడా మచ్చపడితే ఇంకాస్త తగ్గించండి. వెలుతురు నిజంగా చాలకపోతే గుర్తులు వేరుగా ఉంటాయి. కొత్త ఆకులు ఒకదానికన్నా ఒకటి చిన్నగా వస్తాయి, కాడలు సన్నగా సాగుతాయి, రెండు నెలలైనా ఒక్క ఆకు కూడా రాదు. అప్పుడు గంటలను అలాగే ఉంచి వెలుతురును 10 శాతం చొప్పున పెంచండి. జావా ఫెర్న్ ఆకు అడుగున వరుసగా కనిపించే గోధుమరంగు చుక్కలు రోగం కాదు, అవి సిద్ధబీజాల సంచులు. వాటిని చూసి లైటు మార్చకండి.

మీ బోరు నీళ్ళ అనుమానానికి వస్తే, ఈ పాచికి కారణం అది కాదు. అనూబియస్, జావా ఫెర్న్, వెండ్టీ మూడూ కఠిన జలాన్ని బాగానే తట్టుకుంటాయి. ఆర్‌ఓ నీళ్ళు పోయాల్సిన అవసరం లేదు. అయితే ఎండాకాలంలో ఆవిరైన నీటి స్థానంలో బోరు నీళ్ళే పోస్తూ పోతే లవణాలు పేరుకుంటాయి. అందుకని వారానికి నాలుగో వంతు నీళ్ళు తీసేసి కొత్తవి పోయండి. జలమండలి నీళ్ళు వచ్చే రోజు అవే వాడితే ఇంకా మంచిది, క్లోరిన్ పోగొట్టే చుక్కలు కలపడం మాత్రం మరవొద్దు. ఎరువు విషయానికొస్తే, చేపల మేతలోంచి నైట్రోజన్, భాస్వరం చాలావరకు వచ్చేస్తాయి, పొటాషియమే తక్కువ పడుతుంది. పొటాషియం, సూక్ష్మపోషకాలు ఉన్న ద్రవ ఎరువును సీసా మీద రాసిన మోతాదులో సగం, నీళ్ళు మార్చిన రోజు వేయండి. చేపలు మరీ తక్కువగా ఉండి, లైటు తగ్గించాక కూడా పచ్చ చుక్కలే మళ్ళీ వస్తుంటే భాస్వరం లోటు ఉందేమో చూడాలి. అప్పుడు ట్యాంకులో ఎన్ని చేపలున్నాయో, ఏం మేత వేస్తున్నారో, వారానికి ఎన్ని నీళ్ళు మారుస్తున్నారో రాయండి.